దిందెఫెలోలో తొంభై తొమ్మిది రోజులు: గడ్డి కోసిన రోజులే ఎక్కువ

సెనెగల్‌లోని దిందెఫెలో చింపాంజీల అడవిలో మూడు నెలలు సొంత ఖర్చుతో పనిచేయడానికి అర్జీ పెట్టింది 2024 ఆగస్టు 19న. అనుమతి కాగితం చేతికొచ్చింది అక్టోబరు 11న. మధ్యలో యాభై మూడు రోజులు. నెల దాటాక వెళ్ళి అడిగితే అర్జీ తీసుకున్న ఆఫీసులో అదే కనిపించలేదు, "మళ్ళీ ఇవ్వండి" అన్నారు. మళ్ళీ రాసి ఇచ్చాను. ఈసారి నా దగ్గరున్న కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఆ ముద్ర మొదటిసారే వేయించుకోండి. అర్జీ ఫ్రెంచ్‌లో ఉండాలి. నా ఫ్రెంచ్ కూరగాయల బజారుకు సరిపోయేంతే. ఉత్తరాన్ని మా పక్కింటి టీచరమ్మ దిద్దిపెట్టింది.

మావారి ఉద్యోగం కోసం సెనెగల్ రాజధాని డకార్ వచ్చి ఆరేళ్ళయింది. మాది తిరుపతి దగ్గర పల్లె. చిన్నప్పుడు ఎండాకాలం రాత్రుళ్ళు డాబా మీద పడుకుంటే శేషాచలం కొండల మీద మంటలు దండ వేసినట్టు వరసగా కనిపించేవి. ఎంత బాగున్నాయో అనుకుంటూ నిద్రపోయేదాన్ని. ఎమ్మెస్సీ బోటనీలో చేరాక, కాలిన వాలు మీద రెండేళ్ళు మొక్కలు లెక్కపెట్టాక, ఆ దండ అంటే ఏమిటో అర్థమైంది. పెళ్ళి తర్వాత ఆ చదువు మూలన పడింది. పన్నెండేళ్ళ కూతుర్ని వాళ్ళ నాన్న దగ్గర వదిలి మూడు నెలలు అడవికి వెళ్తానంటే మా అమ్మ ఫోన్లో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చేసి, "జ్వరం మాత్రలు పెట్టుకున్నావా?" అని అడిగింది.

దిందెఫెలో సెనెగల్‌కి ఆగ్నేయ మూల, గినీ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. గినీలోని ఫూటా జల్లాన్ కొండలు ఉత్తరాన ఇక్కడికొచ్చి ఆగిపోతాయి. నిటారుగా తెగిన ఆ కొండ అంచు నుంచి దాదాపు వంద మీటర్ల ఎత్తున నీళ్ళు పడతాయి. పైన గడ్డి మైదానాలు. ఎర్రటి చిట్రాయి, దాని మీద జానెడు మట్టి, ఆ మట్టిలో గడ్డి తప్ప పెద్ద చెట్టు నిలవదు. పులార్ భాషలో వాటిని బోవాల్ అంటారు. వాగుల వెంట మాత్రం చీకటి కమ్మినట్టు చిక్కటి అడవి ఉంటుంది. చింపాంజీలు ఆ అడవిని పట్టుకునే బతుకుతున్నాయి. 2010లో ఊళ్ళవాళ్ళే ముందుకొచ్చి, చింపాంజీల కోసం పనిచేసే జేన్ గుడాల్ ఇన్‌స్టిట్యూట్ స్పెయిన్ విభాగం తోడుగా, పదమూడు వేల హెక్టార్లకు పైగా ఉన్న ఈ నేలను కమ్యూనిటీ రిజర్వుగా చేసుకున్నారు.

అక్టోబరు 28 రాత్రి డకార్‌లో బస్సెక్కాను. టికెట్ 12,000 ఫ్రాంకులు (అక్కడి డబ్బు). దాదాపు ఏడు వందల కిలోమీటర్లు. తంబకుందా దాటాక రోడ్డు నియొకొలొ-కోబా నేషనల్ పార్కు లోంచి పోతుంది. 2007 నుంచి యునెస్కో వారి 'ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల' జాబితాలో ఉన్న ఆ పార్కును 2024లోనే అందులోంచి తీసేశారు. తెల్లవారుజామున కిటికీలోంచి అడవిపందులు రోడ్డు దాటుతుంటే చూశాను. కెదుగూ పట్నంలో దిగేసరికి పదిహేను గంటలైంది. అక్కణ్ణుంచి దిందెఫెలోకి ముప్పై అయిదు కిలోమీటర్ల ఎర్రమట్టి దారి. అద్దెకి తిరిగే మోటారుసైకిళ్ళని సెనెగల్ అంతా 'జకార్తా' అంటారు. అలాంటి బండివాడొకడు బ్యాగు ముందు పెట్టుకుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని 6,000 ఫ్రాంకులకి తీసుకెళ్ళాడు. దిగాక నా కనుబొమలు కూడా ఎర్రగా ఉన్నాయి.

నేనున్న ఇంటి పెద్దావిడకి అరవై పైనే ఉంటాయి. పులార్‌లో అమ్మని 'నేనే' అంటారు. నేనూ అలాగే పిలవాలన్నారు. మొదటి వారం ఆవిణ్ణి పిలిచినప్పుడల్లా "ఎవరు?" అంటే "నేనే" అన్నట్టుగా నా చెవికి వినబడేది. పొద్దున్నే "ఓన్ జారామా" అంటే "జామ్ తున్" అనేది. అంతా క్షేమమే అని అర్థం. ఆ రెండు మాటలతోనే మా స్నేహం మొదలైంది. రాత్రికి ఫోనియో వండేది. మన కొర్రబియ్యం కంటే సన్నటి గింజ. మీద వేరుశనగ పులుసు. ఒకరోజు అక్కడి చింతపండుతోనే చారు పెట్టాను. గిన్నె ఎత్తి తాగి ఇంకొంచెం పొయ్యమంది.

మొదటి అయిదు రోజులు నన్ను అడవిలోకి రానివ్వలేదు. మన జలుబు, దగ్గు చింపాంజీలకు అంటుకుంటే ప్రాణాలే పోవచ్చు. అందుకని కొత్తగా వచ్చినవాళ్ళకి ఒళ్ళు బాగుందని తేలేదాకా ఊళ్ళోనే ఉండాలన్నది మా బృందం పెట్టుకున్న నియమం. ఆ అయిదు రోజులూ అడవిలో పెట్టే కెమెరాల మెమొరీ కార్డులు తుడిచి పెట్టడం, కొడవళ్ళు నూరడం నా పని.

నవంబరు 4న అసలు పని మొదలైంది. నేను ఊహించుకున్న పని వేరు. నోట్‌బుక్, బైనాక్యులర్స్, చెట్టు మాటున నిశ్శబ్దంగా కూర్చోవడం. చేతికిచ్చింది కొడవలి. వానలు అప్పుడే ఆగాయి, గడ్డి నా తలకి రెండడుగులు పైన ఉంది. జనవరికల్లా ఇదంతా ఎండి తుప్పురంగుకి తిరుగుతుంది. ఎవరో తేనె కోసం పెట్టిన పొగలోంచో, పశువులకి కొత్త చిగురు రావాలని వెలిగించిన నిప్పులోంచో ఒక్క రవ్వ చాలు. బోవాల్ మీద పుట్టిన మంట వాగు పక్క అడవి అంచుని ఏటా కొంచెం కొంచెం కొరుక్కుంటూ లోపలికి పోతుంది. అందుకని గడ్డికీ అడవికీ మధ్య పది మీటర్ల వెడల్పున నేల కనపడేదాకా కోసి, ఊడ్చి, ఫైర్ లైన్ వేయాలి. మనవైపు ఫారెస్టువాళ్ళు వేసే పద్ధతే. అక్కడ యంత్రం ఎక్కదు, మనిషి చెయ్యే గతి.

ఎనిమిది మందిమి. ఉదయం ఆరున్నరకి మొదలుపెట్టి పదకొండున్నరకి ఆపేవాళ్ళం. ఎంత చేసినా రోజుకి నూట ఇరవై మీటర్లు మించలేదు. మూడో రోజుకి నా అరచేతిలో నాలుగు బొబ్బలు. గడ్డి గింజలకి వంకీ తిరిగిన ముళ్ళుంటాయి. సాక్సులోకి దూరి, నడిచేకొద్దీ మెలితిరుగుతూ చర్మంలోకి దిగుతాయి. రాత్రి టార్చి వెలుగులో పట్టకారుతో ఒక్కొక్కటే లాగడం అలవాటైపోయింది. సాక్సుల మీద కాళ్ళకి గుడ్డపట్టీలు చుట్టుకోమని మాతో తిరిగే ఎకోగార్డు (అడవి కాపలాదారు) చెప్పాకే కాస్త తగ్గింది. ఇంకొకటి, మలేరియా రాకుండా నేను వేసుకున్నది డాక్సీసైక్లిన్. ఆ మాత్ర వేసుకుంటే కొందరికి ఎండ పడదు. నాకు చేతుల మీద చర్మం కాలినట్టు ఎర్రబడి పొరలు లేచింది. పొడుగు చేతుల నూలు చొక్కాలు మూడు తీసుకెళ్ళండి, ఒకటి చాలదు.

రెండో వారంలో ఒక సాయంత్రం గుడిసెలో కూర్చుని ఏడ్చాను. దాచడమెందుకు? కూతురి ఫోన్ కలవలేదు, చేతులు మండుతున్నాయి, వచ్చి పదిహేను రోజులైనా ఒక్క చింపాంజీ కూత కూడా వినలేదు. డకార్‌లో ఉండి ఆ డబ్బులే పంపించి ఉంటే నలుగురు కూలీలు నాకంటే బాగా కోసేవాళ్ళు కదా అనిపించింది. ఇంటి పెద్దావిడ 'నేనే' వచ్చి ఏమీ అడగలేదు. నా చెయ్యి తిప్పి చూసి, షియా వెన్న రాసి వెళ్ళిపోయింది.

నవంబరు 30కి మా వంతు మూడు కిలోమీటర్లు పూర్తయింది. ఆ వారంలోనే పైన బోవాల్ మీద ముందస్తు మంట పెట్టారు. బోటనీ చదివిన నేనే అది చూసి కంగారుపడ్డాను. గడ్డి సగం పచ్చిగా ఉన్నప్పుడు, గాలి లేని సాయంత్రం వేళ, ఊరి కమిటీ మనుషులు వరసగా నిలబడి అంటిస్తారు. మంట మోకాలెత్తు దాటదు, అక్కడక్కడా పచ్చిది వదిలేసి పోతుంది, రాత్రి మంచుకి దానంతటదే ఆరిపోతుంది. అలా మచ్చలుగా కాలిన నేలని ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చే పెద్ద మంట దాటలేదు. పుస్తకంలో చదివిన విషయమే. కాళ్ళ ముందు చిటపటలాడుతుంటే నమ్మడానికి కొంత టైమ్ పట్టింది.

డిసెంబరు 2 నుంచి గూళ్ళ లెక్క. చింపాంజీ రోజూ రాత్రికి కొత్త పక్క వేసుకుంటుంది, చెట్టు మీద కొమ్మలు వంచి. జంతువు కనపడకపోయినా గూళ్ళు లెక్కపెట్టి, ఒక్కో గూడు ఎన్నాళ్ళకి రాలిపోతుందో చూసుకుని, ఎన్ని ఉన్నాయో అంచనా కడతారు. ముందే గీసుకున్న తిన్నటి దారిలో నడవాలి. గూడు కనిపిస్తే దారి నుంచి దానికి టేపుతో దూరం కొలవాలి, చెట్టు పేరు, ఎత్తు, గూడు వయసు రాయాలి.

నా మొదటి తాజా గూడు డిసెంబరు 5న దొరికింది. తొమ్మిది మీటర్ల ఎత్తున కొమ్మల పంగలో ఉంది. నాలుగైదు కొమ్మలు లోపలికి మడిచి, వాటి కొసలు ఒకదాని కింద ఒకటి దోపి, పైన చిన్న రెమ్మలు పరిచి ఉన్నాయి. విరిచిన చోట తెల్లటి చెక్క ఇంకా తడిగా ఉంది, ఆకు వాడలేదు. కింద నేల మీద మేడి గింజలున్న పెంట, దాని మీద అప్పుడే వాలిన ఈగలు. పక్కనే ఒక చిన్న కొమ్మ సగం వంచి వదిలేసి ఉంది. తల్లి గూడు కడుతుంటే పిల్ల ఆడుకుంటూ వంచిందేమో అన్నాడు ఎకోగార్డు. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. కొలవడం ఆయనే గుర్తుచేశాడు.

పశ్చిమాఫ్రికా చింపాంజీని 2016లో అంతరించే అంచుకి చేరిన జాతుల జాబితాలో పెట్టారు. 1990, 2014 మధ్య వాటిలో ఎనభై శాతం తగ్గిపోయాయని లెక్క. సెనెగల్‌లో మిగిలినవి వందల్లోనే, అవీ ఈ ఆగ్నేయ మూలలోనే. ఆ అంకెలు నాకు ముందే తెలుసు. సగం వంచిన ఆ కొమ్మ చూశాకే గుండెకి తగిలాయి.

ఆ వారంలోనే ఇంకొకటి చూశాను. వాగు పై వాలులో రెండు పెద్ద మానులు నరికేసి ఉన్నాయి. మొద్దు మీద నెత్తురు గడ్డకట్టినట్టు ఎర్రటి జిగురు. ఇక్కడ వెన్ అంటారు. మన ఎర్రచందనానికీ వేగిసకీ దాయాది, ఒకటే ప్రజాతి. కలప కోసం పశ్చిమాఫ్రికా అంతటా దీన్ని ఓడలకెత్తారు, అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో పెట్టినా దొంగరవాణా ఆగలేదు. ఎండాకాలం మేతకి పశువుల కాపరులు కూడా దీని కొమ్మలే కొడతారు. శేషాచలం పక్కన పుట్టి, ఎర్రచందనం లారీల వార్తలు చదువుతూ పెరిగినదాన్ని. ఆరు వేల మైళ్ళ అవతల అదే ఎరుపు చూస్తానని అనుకోలేదు. వేలితో తాకితే ఇంకా అంటుకుంటోంది.

డిసెంబరు 14న నాకు జలుబు పట్టుకుంది. సహారా నుంచి వచ్చే పొడి గాలి, హర్మటాన్, మొదలయ్యాక దుమ్ముకి గొంతు మండేది, దాంతోనే మొదలైంది. తొమ్మిది రోజులు అడవి బంద్. కోపమొచ్చింది, కానీ నియమం సరైనదే. ఆ రోజుల్లోనే ఊళ్ళో కమిటీ సమావేశానికి వెళ్ళి కూర్చున్నాను. చెట్టు కింద మూడు గంటలు, మూడు విడతల అత్తాయా టీ. మాట్లాడింది ఒక పండు గురించి. డకార్‌లో దాన్ని మాద్ అంటారు, ఇక్కడ లారె. తీగకి కాసే గట్టి డిప్ప పండు, లోపల పుల్లటి పసుప్పచ్చ గుజ్జు. ఉప్పు, చక్కెర, కారం కలిపి సంచీల్లో అమ్ముతారు. ప్రతి ఎండాకాలం మా ఇంట్లో కిలోలకి కిలోలు తిన్నాం, మామిడికాయ ముక్కల్లాగా. ఎండలు ముదిరి ఇంకేమీ దొరకని నెలల్లో చింపాంజీలకి అదే ముఖ్యమైన తిండి అని నాకు ఆరేళ్ళుగా తెలియదు. ఇటు ఊళ్ళో ఆడవాళ్ళకి చేతికొచ్చే నాలుగు డబ్బులూ దానివల్లే. వాగు లోపలి తీగలు ముట్టుకోకూడదని ఒకాయన అన్నాడు. ఒకావిడ లేచి, "మరి స్కూలు ఫీజు చింపాంజీ కడుతుందా?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. చివరికి ఏ వాగు వదిలెయ్యాలి, ఏ వాగులో కోసుకోవచ్చు అని వాగు వాగుకీ పేరుపెట్టి తేల్చుకున్నారు. కెదుగూ చుట్టూ బంగారం గుంతలు తవ్వడానికి కుర్రాళ్ళు వెళ్ళిపోతున్న రోజుల్లో, ఆ మూడు గంటలు అంత ఓపిగ్గా కూర్చున్నవాళ్ళని చూస్తే నాకు గౌరవం కలిగింది.

జనవరి 9, మధ్యాహ్నం రెండు. ఈశాన్యం నుంచి గాలి. పొగ ముందు సన్నటి గీతలా కనిపించింది, పావుగంటలో ఆకాశం గోధుమరంగుకి తిరిగింది. ఊళ్ళోంచి నలభై మంది దాకా పరిగెత్తారు. ఆడపిల్లలు పసుపు రంగు ఇరవై లీటర్ల బిడాన్లు (నీళ్ళ డబ్బాలు) నెత్తిన పెట్టుకుని వాలు ఎక్కారు. వీపుకి తగిలించుకునే నీళ్ళ పంపులు మూడే ఉన్నాయి. మిగతా అందరం పచ్చి కొమ్మలు విరిచి కొట్టడమే. మంట దగ్గరికొస్తే ముందు వినపడేది హోరు, వానొస్తున్నట్టు. వేడికి కళ్ళు తెరవలేం. కొట్టి, వెనక్కి పరిగెత్తి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ వెళ్ళాలి. రాత్రి తొమ్మిదిన్నరకి అణిగింది.

మేం వేసిన లైన్ నిలబడింది, ఒక్క చోట తప్ప. నిలువునా ఎండిన మాను ఒకటి అంటుకుని లైనుకి అడ్డంగా కూలింది. దాని మీదుగా మంట అవతలికి పోయింది. నవంబరులో ఆ మానుని చూశాం. కొట్టేద్దామా అనుకుని, వడ్రంగిపిట్ట తొర్ర ఉందని వదిలేశాం. మేం లెక్కపెట్టిన ముప్పై ఒక్క గూళ్ళలో తొమ్మిది ఆ వాలు మీదే ఉన్నాయి. మర్నాడు వెళ్తే బూడిద, వేడి ఇంకా చెప్పులోంచి తెలుస్తోంది. సగం వంచిన కొమ్మ ఉన్న చెట్టు మాత్రం వాగు లోపల పచ్చగా ఉంది. దాని కింద కూర్చుని మా అమ్మకి ఫోన్ చేశాను, సిగ్నల్ లేదు.

జనవరి 27, పొద్దున ఆరూ యాభై. కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే తనంతట తనే ఫోటో తీసే కెమెరా) కార్డులు మార్చడానికి వెళ్తుంటే ఎకోగార్డు చెయ్యి అడ్డం పెట్టి నన్ను కూర్చోబెట్టాడు. కాలిన వాలు మీద, బూడిదలో, నాలుగు చింపాంజీలు. నూట యాభై మీటర్ల దూరం ఉంటుంది. నేలని చూస్తూ నింపాదిగా నడుస్తున్నాయి. గడ్డి లేకపోవడంతో నడక తేలికగా ఉన్నట్టుంది. కెదుగూ దగ్గరే ఫోంగోలిలో పరిశోధకురాలు జిల్ ప్రుయెట్జ్ 2001 నుంచి గమనిస్తున్న చింపాంజీలు మంటకి బెదరవని, అది ఎటు పోతుందో చూసుకుని పక్కకి తప్పుకుంటాయని, కాలిన నేలల్లో తిరుగుతాయని చదివాను. ఒకదాని పొట్టకి పిల్ల కరుచుకుని ఉంది. ఆ తల్లి ఆగి, చెయ్యి చాచి ఏదో ఏరుకుని నోట్లో వేసుకుంది. నా బైనాక్యులర్స్ వణికిపోతున్నాయి. పదకొండు నిమిషాలు. తర్వాత ఒక్కొక్కటిగా వాగులోకి దిగిపోయాయి. మూడు నెలల్లో నేను వాటిని చూసింది అంతే.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. గుడిసె, భోజనం 4,80,000 ఫ్రాంకులు. నాతో నడిచిన ఎకోగార్డు కూలిలో నా వాటా 90,000. మందులు 60,000. బూట్లు, టార్చి, సోలార్ చార్జర్ 54,000. ప్రయాణాలు 36,000. మొత్తం 7,20,000, మన దాదాపు లక్ష రూపాయలు. చార్జర్ కంటే ఒక మంచి కొడవలి, తోలు గ్లవ్స్ ముందు కొనుక్కోండి, అక్కడ నా సైజు దొరకలేదు.

ఫిబ్రవరి 3న తిరిగొచ్చాను. బయల్దేరేటప్పుడు ఆ ఇంటి 'నేనే' ఒక చిన్న సంచిలో ఫోనియో కట్టిచ్చింది. డకార్‌లో మా అమ్మాయి నా అరచేతులు తడిమి, "అమ్మా, ఇవి నాన్న చేతుల్లా అయ్యాయి" అంది. మేలో వీధిలో మాద్ బండి వచ్చింది. ఏ ఊరి నుంచి వచ్చిందో అడిగాను. అమ్మే కుర్రాడికి తెలియదు. కొనలేదు.

ఎకోగార్డు జూన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. వానలు మొదలయ్యాయట, కాలిన వాలు మీద గడ్డి మోకాలి దాకా వచ్చిందట. ఎండిన మానులు ఇంకా ఎన్ని లైను పక్కన ఉన్నాయో ఇద్దరు కుర్రాళ్ళు తిరిగి పదిహేడు లెక్కపెట్టారట. ఈ ఏడాది అర్జీ జూన్ 20నే ఇచ్చాను, కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. జవాబు ఇంకా రాలేదు.